రాగిరేకుల్లో లేని బాణీ

గ్లెన్ గూల్డ్ పేరు మీలో కొంతమందికైనా తెలిసే ఉంటుంది. కెనడా పియానిస్టు. బాఖ్ రాసిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ని 1955లో ఒకసారి, 1981లో ఇంకోసారి రికార్డు చేశాడు. స్వరాలు అవే, మనిషీ అతనే. మొదటిది 38 నిమిషాల్లో అయిపోతే రెండోదానికి 51 నిమిషాలు పట్టింది. వింటే రెండు వేరే రచనలేమో అనిపిస్తుంది.

ప్రతి స్వరమూ కాయితం మీద ఉన్నప్పుడే వాయించేవాడి చేతిలో ఇంత మిగిలిందంటే, అసలు స్వరాలే రాసిపెట్టని చోట పాట ఎవరిది? ఈ ప్రశ్న మనకి బాగా దగ్గరిది. ఎందుకంటే అన్నమయ్య పాటల సంగతి సరిగ్గా అదే.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ సుమారు నలభై కిలోమీటర్లు. అక్కణ్ణించి ఇంకో పాతిక పోతే నల్లమల కొండల్లో అహోబిలం. అన్నమయ్య శఠకోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడని మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్ర చెప్తుంది. అహోబిల మఠం స్థాపించింది ఆ యతే. తిరుపతి కొండ ఆయనకి దేవుణ్ణిస్తే, చదువునిచ్చింది అహోబిలం గురువన్నమాట.

సరే, స్ఫూర్తి అంటే ఏదో మెరుపులా మీద పడేదని మనకో నమ్మకం ఉంది. కానీ అన్నమయ్య నరసింహుడి మీద రాయడానికి కూర్చునేసరికే అక్కడ ఎంత పోగుపడి ఉందో చూడండి. ఆయనకి కొన్ని వందల ఏళ్ళ ముందే తిరుమంగై ఆళ్వారు అహోబిలం మీద తమిళంలో పాశురాలు పాడాడు. అందులో గుడి వైభవం కన్నా ఎండిన వెదుళ్ళు, మంటలు, సింహాలు, మనుషులు పోలేని దారులే ఎక్కువ. 14వ శతాబ్దంలో ఎర్రన నృసింహపురాణం రాసి అహోబిల నరసింహుడికే అంకితమిచ్చాడు. ఇక ఆ అడవిలో ఉండే చెంచులు స్వామిని ఏకంగా ఇంటి అల్లుణ్ణి చేసుకున్నారు. ఇన్ని లైబ్రరీలు సిద్ధంగా ఉన్నాయి, వాటి మీద ఆయన తన కోడ్ రాశాడు :) ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ‘ఫాలనేత్రానల’ వినండి, సంస్కృత సమాసాల్లోంచి నిప్పులు రాలతాయి. జోలపాటలు రాసిన చెయ్యే ఇదీ రాసిందంటే నమ్మబుద్ధి కాదు.

ఇప్పుడు అసలు విషయం. 1503లో అన్నమయ్య పోయాడు. ఆయన 32 వేల సంకీర్తనలు రాశాడని చెప్తారు. కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలో ఒక అరలో భద్రపరిచారు. 1922లో ఆ రేకులు బయటికొచ్చి, దేవస్థానం వాటిని పరిష్కరింపజేసి అచ్చువేసింది. మనకి దక్కినవి ఇంచుమించు 14 వేలు. రేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. మన భాషలో చెప్పాలంటే హెడర్ ఫైలు దొరికింది, ఇంప్లిమెంటేషన్ పోయింది.

మరి మనం వింటున్నదేంటి? 1950ల్లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు కూర్చుని కొన్నిటికి స్వరాలు కట్టారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తిగారు వచ్చారు. ‘నానాటి బతుకు’ అనగానే మన చెవిలో మోగే రేవతి రాగం ఆయన పుణ్యమే. 1978లో దేవస్థానంలో చేరిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు 2025లో పోయేలోపు 600కి పైగా కట్టారు. చాలా పాటలు రేకు మీద ఉన్న రాగంలో కాకుండా వేరే రాగాల్లో కూడా వచ్చాయి.

తిరుగుదారిలో ఆళ్లగడ్డలో ఆగితే రోడ్డు పక్కన ఉలి చప్పుడు వినిపిస్తుంది. ఆ ఊరు విగ్రహాలకి పేరు. శిల్పులు ముఖం పొడవుని కొలతగా తీసుకుని మొత్తం విగ్రహం దానికి ఎన్ని రెట్లుండాలో లెక్క కట్టుకుంటారు. ఆ కొలత పేరు తాళం! నవతాళం, దశతాళం అంటారు. శాస్త్రం కొలత ఇస్తుంది కానీ కళ్ళలో కరుణ ఎంతుండాలో చెప్పదు. రాగం పేరు కూడా అంతే. హద్దు గీస్తుంది, బాణీ మాత్రం ఎవరో ఒకరు కట్టాల్సిందే.

నా బాధల్లా ఇక్కడే. ఎవరైనా కుర్రాడు ఒక కీర్తనని గిటార్ మీదో పియానో మీదో కొత్తగా వాయిస్తే, ‘ఐదొందల ఏళ్ళ బాణీని పాడుచేశాడు’ అని విరుచుకుపడతాం. ఆ బాణీ వయసు చాలాసార్లు మా నాన్న వయసు కూడా ఉండదు! రెండోవైపు, దాన్ని కట్టినాయన పేరు వీడియో కింద వెతికినా కనపడదు. ‘రచన: అన్నమాచార్య’ అని రాసి ఊరుకుంటారు. భక్తితో కట్టారు, పేరు కోసం కాదు అంటారా? ఒప్పుకుంటాను. ఆయన అడక్కపోవచ్చు. చెప్పాల్సింది మనం కదా. ఎవడో ఊరికే ఇచ్చిన నాలుగు లైన్ల కోడ్ వాడుకున్నా లైసెన్స్ ఫైల్లో వాడి పేరు ఉంచుతాం.

పెదతిరుమలయ్య రాగిరేకులు చెక్కించకపోతే అన్నమయ్య పేరు కూడా ఇవాళ మనకి తెలిసేది కాదేమో. కనీసం ఇప్పుడు కట్టినవాళ్ళ పేర్లైనా ఎక్కడో ఒకచోట చెక్కిపెడదాం. ఈసారి మీరు ఏ కీర్తనైనా షేర్ చేసేటప్పుడు బాణీ ఎవరిదో కనుక్కుని ఒక్క లైను రాయండి. ఏమంటారు?