కూలి బారిష్టరు

న్యాయశాస్త్ర గ్రంథములలో కుటుంబ ధర్మమునకు ఒక అధ్యాయమును, యజమాని సేవకుల సంబంధమునకు వేరొక అధ్యాయమును ఉండును. న్యాయవాదులు సయితము ఈ విభాగమును అనుసరించియే తమ వృత్తిని ఏర్పరచుకొందురు. పేదవాని బ్రతుకులో మాత్రము ఈ రెండింటికి నడుమ గోడ లేదు. కూలి ముట్టనినాడు కాపురము నిలువదు. నీ భార్య చట్టరీత్యా భార్య కాదని న్యాయస్థానము పలికిననాడు కూలివానికి ఇల్లను మాటయే మిగులదు. ఈ సంగతిని పుస్తకములవలన గాక కక్షిదారులవలన నేర్చుకొనిన బారిష్టరు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. సత్యాగ్రహిగా ఆయనను ఎరుగనివారు లేరు. న్యాయవాదిగా ఆయన నేర్చినదేమో మనము అంతగా పరిశీలింపలేదు. ఆయన పనిచేసిన నెటాల్ సీమలోని కూలీలలో వేలకొలది తెలుగువారు ఉండిరి. కావున ఇది మనకు పరాయి చరిత్ర కాదు.

గాంధీ 1891 జూన్ 10వ తేదీన లండనులోని ఇన్నర్ టెంపుల్ నుండి బారిష్టరు పట్టము పొందెను. మరునాడు హైకోర్టులో పేరు నమోదు చేయించుకొని, ఆ మరునాడే స్వదేశమునకు ఓడ ఎక్కెను. ఆ కాలమున బారిష్టరు కాగోరువాడు టర్ముల విందులకు హాజరై పరీక్షలు ఇచ్చిన చాలును. సాక్షిని ప్రశ్నించు విధమును ఎవరును నేర్పరు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మమీబాయి అను స్త్రీ పక్షమున ఆయనకు తొలి దావా దొరికెను. ఫీజు 30 రూపాయలు. వాది సాక్షిని ప్రశ్నింప లేచి నిలుచుండగా తల తిరిగెను. నోట మాట రాలేదు. ఆయన కూర్చుండి, ఫీజు తిరిగి ఇచ్చెదనని చెప్పి, వేరొక వకీలును నియమించుకొమ్మనెను. ఆ వకీలు 51 రూపాయలకు దావా నడపెను. అటుపిమ్మట రాజకోటకు పోయి, దరఖాస్తులు, మహజరులు వ్రాయుటవలన నెలకు సుమారు 300 రూపాయలు సంపాదింపగలిగెను. కోర్టులో మాట పెగలనివానికి కలము అన్నము పెట్టెను. తరువాత నెటాలులో ఆయనకు అధికముగా ఉపకరించినదియు ఈ వ్రాతపనియే.

1893లో దాదా అబ్దుల్లా కంపెనీవారు 105 పౌనుల ప్రతిఫలమునకు ఆయనను దక్షిణాఫ్రికాకు పిలిపించిరి. వ్యాజ్యము 40,000 పౌనులది. కక్షిదారు లిరువురును దగ్గరి బంధువులు. పద్దులు చదువక ఆ వ్యాజ్యము బోధపడదని గ్రహించి, గాంధీ గణకశాస్త్రమును నేర్చెను. నిజమంతయు ఆ లెక్కలలోనే ఉన్నదనియు, కోర్టు ఖర్చులు ఇరుపక్షములను మ్రింగివేయుననియు తెలిసికొని మధ్యవర్తి తీర్పునకు ఒప్పించెను. ఓడినపక్షము 37,000 పౌనులును ఖర్చులును చెల్లింపవలసి వచ్చెను. ఒక్కమారుగా చెల్లించినచో దివాలా తప్పదు. వాయిదాలమీద పుచ్చుకొనుటకు గెలిచిన పక్షమును ఒప్పించుట మధ్యవర్తి తీర్పునకు ఇరుపక్షములను ఒప్పించుటకంటె కష్టమైనదని ఆయన ఆత్మకథవలన తెలియుచున్నది. చెడిన బాంధవ్యమును మరల కలుపుట న్యాయవాది ధర్మమని ఆయన నమ్మినది ఇచ్చటనే.

1894లో ఆయన నెటాల్ సుప్రీంకోర్టులో అడ్వకేటుగా చేరుటకు దరఖాస్తు పెట్టెను. అచ్చటి న్యాయవాదుల సంఘము అడ్డు చెప్పెను. నియమములు ఏర్పరచినప్పుడు తెల్లవాడు కానివాడు వచ్చునని తలపనేలేదట. కోర్టు ఆ ఆక్షేపణను త్రోసివేసెను. ప్రమాణము ముగిసినవెంటనే తలపాగా తీయుమని ప్రధాన న్యాయాధిపతి ఆజ్ఞాపింపగా గాంధీ తీసివేసెను. కొన్ని నెలలకే తలపాగా చేతబట్టుకొని ఒక కక్షిదారుడు ఆయన గది వాకిట నిలిచెను. ఆ కక్షిదారుని కథకు ముందు అతడెట్టి చట్టమునకు లోబడి ఉండెనో తెలిసికొనవలెను.

1860 నవంబరు 16న మదరాసు నుండి 'ట్రూరో' అను ఓడ డర్బను రేవు చేరెను. నాటినుండి 1911 వరకు లక్షా ఏబదిరెండు వేలమంది చెరకు తోటలకు, గనులకు, రైలుమార్గములకు కూలీలుగా పోయిరి. వారిలో సుమారు మూడింట రెండు వంతులవారు మదరాసు రేవున ఓడ ఎక్కినవారే. విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వారిలో ఎందరో కలరు. ఒడంబడిక ఐదేండ్లు, జీతము మొదటి ఏట నెలకు 10 షిల్లింగులు, ఏటేట ఒక్కొక్క షిల్లింగు పెరిగి ఐదవ ఏటికి 14. 'అగ్రిమెంటు' అను మాట వారి నోట 'గిర్మిట్' అయ్యెను. 'కూలి' అను మాటకు పట్టిన గతి ఇంకను విచిత్రము. ఆంగ్లములోని ఆ పదముయొక్క మూలమును గూర్చి భిన్నాభిప్రాయములు కలవు గాని, మన భాషలో కూలి అనగా చేసిన పనికి ముట్టవలసిన ప్రతిఫలము. నెటాలులో అది మనిషికే పేరైనది. వర్తకుడు కూలి వర్తకుడు. బారిష్టరు కూలి బారిష్టరు.

వాకిట నిలిచినవాడు బాలసుందరము, తమిళుడు. బట్టలు చినిగియున్నవి; ముందుపండ్లు రెండు విరిగి నోట నెత్తురు కారుచుండెను. యజమాని కొట్టెను. గాంధీ గుమాస్తా తమిళుడగుటచే మాట తెలిసెను. తెల్లవాని యెదుట తలపాగా తీసి నిలుచుట కూలీలకు విధింపబడిన మర్యాద. అతడు అదియే మర్యాదను గాంధీకిని చూపెను. పాగా చుట్టుకొమ్మని గాంధీ చెప్పెను. ఆపై వైద్యునివద్దకు పంపి గాయములకు ధ్రువపత్రము తీసికొని, మేజిస్ట్రేటునకు అఫిడవిట్టు దాఖలు చేయించెను.

సాధారణ సేవకుడు చెప్పకుండ పని మానినచో యజమాని సివిలు దావా వేయవలసినదే. గిర్మిట్ కూలి పని మానినచో అది నేరము, చెరసాల కలదు. కావున గాంధీ యజమానిని శిక్షింపజేయుటకంటె బాలసుందరమును విడిపించుటయే ముఖ్యమనుకొనెను. దానికి రెండే మార్గములు: కూలీల రక్షకాధికారి ఒడంబడికను రద్దుచేయుట లేక మార్చుట, కానిచో యజమాని తానై విడుచుట. యజమాని ఒప్పుకొనగా, గాంధీ వేరొక యజమానిని వెదకి ఒడంబడికను ఆయన పేర మార్పించెను. బాలసుందరము స్వతంత్రుడు కాలేదు. అతనికి యజమాని మాత్రమే మారెను. ఒక దావాలో న్యాయవాది చేయగలిగినది అంతమట్టుకే. అయినను కూలీల పక్షమున నిలుచు బారిష్టరొకడు కలడను వార్త తోటలన్నిటికిని ప్రాకెను.

చట్టము కూలివానిని దాటి కుటుంబమునంటినది 1895లో. ఐదేండ్లు ముగిసిన కూలి మరల ఒడంబడిక వ్రాయవలెను, లేక స్వదేశమునకు పోవలెను, రెండును కాదన్నచో ఏటేట 3 పౌనుల పన్ను చెల్లింపవలెను. నెటాల్ ప్రభుత్వము కోరినది 25 పౌనులు. వైస్రాయి ఎల్గిన్ ఒప్పినది 3. పిమ్మట పదునారేండ్లు నిండిన కుమారులును, పదుమూడేండ్లు నిండిన కుమార్తెలును పన్నునకు లోనైరి. ఆలుమగలు, ఈడువచ్చిన బిడ్డలిద్దరు కల ఇంటికి ఏడాదికి 12 పౌనులు. ఐదవయేటి జీతము చొప్పున మగని సంవత్సరాదాయము 8 పౌనుల 8 షిల్లింగులు. పైకిది పన్ను, నిజమునకు కూలివానిని మరల ఒడంబడికలోనికి త్రోయు సాధనము. భార్యాబిడ్డలు ఇంటికి తోడు గాక ఇంటిమీది అప్పైరి.

ఇక వివాహము మాట. 1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టులో న్యాయమూర్తి సర్ల్ ఒక తీర్పు చెప్పెను. భర్తను చేరవచ్చిన బాయి మరియం అను స్త్రీకి ప్రవేశము కలదా లేదా అనునదే అందలి ప్రశ్న. బహుభార్యాత్వమునకు తావిచ్చు మతాచారము ననుసరించి జరిగిన వివాహము ఆ దేశ చట్టము దృష్టిలో వివాహము కాదని నిర్ణయమయ్యెను. ఇంగ్లండులో 1866లో ఒక మార్మన్ వివాహమును గూర్చిన హైడ్ వ్యాజ్యములోను ఇట్టి తర్కమే నడచియుండెను. తీర్పు ప్రత్యక్షముగా ప్రవేశహక్కును గూర్చినదే. కాని ఆ తర్కమును పొడిగించినచో హిందువుల, ముస్లిముల, పారశీకుల ఇల్లాండ్రందరును ఉంపుడుకత్తె లగుదురు. బిడ్డలకు వారసత్వము సందేహాస్పదమగును. అప్పీళ్లతో దీనిని సవరించు ఆశ లేదని గాంధీ తలంచెను.

కస్తూరిబాతో కూడ పదునారుగురు 1913 సెప్టెంబరులో అనుమతి లేక ట్రాన్స్‌వాలు సరిహద్దు దాటి మూడునెలల కఠినశిక్ష పొందిరి. ట్రాన్స్‌వాలునుండి వచ్చిన స్త్రీలు, అధికముగా తమిళులు, న్యూకాసిల్ గనులకు పోయి 3 పౌనుల పన్ను నిలిచినంతవరకు పని మానుడని కూలీలకు బోధించిరి. వివాహమునకై ఇల్లు వెడలిన స్త్రీల మాట విని కూలీలు గనులు వెడలిరి. కుటుంబ వ్యాజ్యమును శ్రామిక వ్యాజ్యమును ఒక్కటియైనది ఇచ్చటనే. నవంబరు 6న చార్లెస్‌టౌను నుండి 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు నడక సాగించిరి. త్రోవలో ఇద్దరు తల్లులు పసిబిడ్డలను కోల్పోయియు వెనుకకు మరలలేదు. ఒడంబడిక కూలీలను నెటాలు విడుచునట్లు ప్రేరేపించెనను నేరముమీద డండీ కోర్టు గాంధీకి తొమ్మిదినెలల శిక్ష విధించెను. బాలసుందరమునకై ఏ చట్టమును వెదకి చదివెనో ఆ చట్టపు సంకెలయే ఇప్పుడు బారిష్టరు చేతికి తగిలినది. మూడునెలల శిక్ష పొందిన వళ్లియమ్మ చెరలో జబ్బుపడి విడుదలయైన కొలది దినములకే 1914 ఫిబ్రవరి 22న మరణించెను.

1914లోని ఇండియన్ రిలీఫ్ చట్టము 3 పౌనుల పన్నును రద్దుచేసెను; భారతీయ మతాచారముల ననుసరించి జరిగిన వివాహమును, ఒక భార్య విషయమున, గుర్తించెను. ఆ జూలై 18న గాంధీ ఆ దేశము విడిచెను. విజయమునకు హద్దులును కలవు. అది ఓటుహక్కు నీయలేదు. రెండవ భార్య సంగతి చట్టము వెలుపలనే ఉండిపోయెను. ఆఫ్రికా దేశస్థులైన పనివారు ఆ పోరాటములో పాలివారు కాలేదు. వారిని బంధించిన యజమాని సేవక చట్టములు 1974 వరకు నిలిచినవి. ముస్లిం వివాహములను గుర్తింపని వివాహచట్టము రాజ్యాంగ విరుద్ధమని దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానము చెప్పినది 2022లో. బాయి మరియం అడిగిన ప్రశ్నకు నూరేండ్లకు పైగా పట్టినది. గాంధీ పేరును ఇన్నర్ టెంపుల్ 1922లో తొలగించి 1988లో తిరిగి చేర్చెను.

ఈ చరిత్రలో తెలుగు రచయితలకు ఒక పని మిగిలియున్నది. బాలసుందరముయొక్క మాట గుమాస్తా నోట మారి, ఆంగ్లపు అఫిడవిట్టుగా మారి, ఆత్మకథలో ఒక ప్రకరణమైనది. అతడు పలికిన తమిళము మిగులలేదు. నెటాల్ ఓడల జాబితాలలో ఒక్కొక్క కూలికి సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, దేహముమీది గుర్తులు వ్రాయబడియున్నవి. మన ఊళ్ల పేర్లు అందు కలవు. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని తెలుగును నిలుపుకొన యత్నించిరి. తమిళము, తెలుగు రాకపోవుట తనకెంత కొరతయో గాంధీ ఆత్మకథలో చెప్పుకొనెను. ఆ కొరత మనకు లేదు. పుట్టుమచ్చలను లెక్కించిన జాబితా లెక్కింపనిది వారు ఇంట మాటలాడిన తెలుగు. దానిని వెదకి వ్రాయుట మన వంతు.