ఖరగ్‌పూరు తెలుగువారు

మేదినీపుర మండలమున ఎఱ్ఱని కంకరనేలయు, మెట్టపొలములును, సాలవనముల అంచును దప్ప వేఱొండు విశేషము లేని యొక పల్లె, 1898 ప్రాంతమున బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారి దృష్టి తనపై బడుటచే, పలు దిక్కుల ఇనుపదారులకు కూడలియై, వర్క్‌షాపులకు నెలవై, అర్ధశతాబ్దములో లక్షకు మించిన జనముతో పట్టణమైనది. 1901 జనగణనమున అచటి జనసంఖ్య మూడున్నర వేల ప్రాంతము. ఇంతటి వృద్ధి పురుళ్ల వలన గలుగునది కాదు. వలస వచ్చినవారే ఆ యూరు. వారిలో తెలుగువారి పాలు చాల పెద్దది.

తెలుగువారే యేల? గంజాము, విశాఖపట్టణ మండలములలో వానలు తప్పిన యేండ్లును, జమీందారీ శిస్తుల భారమును కారణములని చెప్పుట పరిపాటి. అది నిజమే కాని సగము నిజము. కఱవు మనుష్యుని ఇల్లు వదలింపగలదే గాని, ఏ యూరికి పోవలెనో చెప్పజాలదు. ఆ మాట చెప్పినది రైలుదారి. కటకమునుండి విజయవాడ దాక తూర్పుతీరపు మార్గము 1893-96 నడుమ సిద్ధమయ్యెను. 1900లో కోలాఘాట్ కడ రూపనారాయణ నదిపై వంతెన పడి హౌరాతో సంబంధ మేర్పడెను. 1902లో కటకము మొదలు వాల్తేరు వఱకు గల భాగము బెంగాల్ నాగపూర్ కంపెనీ వశమయ్యెను. అది మొదలు వాల్తేరున గ్యాంగు పని చేయువానికిని, ఖరగ్‌పూరున బాయిలరు కడ నిలుచువానికిని యజమాని యొక్కడే.

ఆ మండలములవారే భీమునిపట్టణము, కాకినాడ రేవులలో పొగయోడ లెక్కి రంగూనుకును పోయిరి. అచటికి పోయినవారిలో ఆడువారు మిక్కిలి తక్కువ. 1942లో జపానువారి దాడితో పెక్కుమంది అడవిదారుల బడి తిరిగివచ్చిరి. ఖరగ్‌పూరు కథ అట్లు కాకపోవుటకు నా దృష్టిలో ముఖ్యకారణము క్వార్టర్సు. దొరలకును, ఆంగ్లో ఇండియనులకును బంగళాలు, కార్మికులకు ఇఱుకు గదుల వరుసలు. ఆ భేదమును కంపెనీ యెన్నడును దాచుకొనలేదు. ఐనను ఆ యిఱుకు గదికి తలుపుండెను, పొయ్యికి చోటుండెను. కనుక భార్య వచ్చెను. ఆమె వెనుక తమ్ముడు వచ్చి కలాసీగా చేరెను. మేనమామ ఫిట్టరైనచోట మేనల్లునికి పని దొరకుట కష్టము కాలేదు. పెండ్లి సంబంధములు మాత్రము స్వగ్రామమునుండియే కుదిరెను. మథురాకాటి, నింపుర, మలంచ వాడలలో తెలుగు బడులు వెలసెను, వేసవిలో మాతపూజలు సాగెను. ఇంతజేసి ఆ యిల్లు కంపెనీది. రిటైరైననాడు తాళము తిరిగి ఈయవలసినదే. ఊరికి పోలేనివారు ప్రావిడెంటు ఫండు సొమ్ముతో పట్టాల ఆవల స్థలము కొనిరి. వలసకూలి పురజనుడైనది ఆ దస్తావేజు నాడు.

బరంపురమున జన్మించి, తరువాత రాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరి, ఉద్యోగములు పోయిన కార్మికుల పక్షమున 1928లో ఈ రైల్వే సమ్మెను అహింసామార్గమున నడపి గెలిచెను. నాయకుడు తమ భాషవాడగుట తెలుగు కార్మికులకు చిన్న బలము కాదు.

1944లో కంపెనీ పోయి ప్రభుత్వము వచ్చెను. 1955లో ఆగ్నేయ రైల్వే యేర్పడెను. వాల్తేరుతో బంధుత్వము చెడలేదు. చెడినది 2003లో, వాల్తేరు డివిజను తూర్పుకోస్తా రైల్వేలో కలిసినప్పుడు. నూఱేండ్లు జనమును తెచ్చిపోసిన పాలనాబంధ మొక్క యుత్తరువుతో తెగిపోయెను. దీనిని గుర్తించిన చరిత్రకారులు అరుదు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నీయ నిశ్చయించినది. ఆ గౌరవము సంతోషకరమే. కాని తొలితరములవారి సర్వీసు పుస్తకములును, ఇంటికి వ్రాసిన ఉత్తరములును పెట్టెలలో చెదలు పట్టుచున్నవి. మన విశ్వవిద్యాలయములవారు వానిని సేకరించుటకును, వృద్ధుల నోటి మాటలను వ్రాసికొనుటకును ఇకనైనను ఎవరినేని ఖరగ్‌పూరునకు పంపవలెను.