నాలుగు రోజులు నానిన మట్టి

టక్. ఎనిమిది కిలోల సుత్తి 575 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి కడ్డీ మీదుగా జారిపడింది. కింద ఉక్కు కోను సెంటీమీటరు దిగింది. మళ్లీ టక్. మళ్లీ సెంటీమీటరే.

రోహిణి కార్తె. దుత్తలూరు నుంచి లోపలి పల్లెకు రోడ్డు వేయాలి. నేను రీడింగు చెబుతుంటే ల్యాబ్ కుర్రాడు రాసుకుంటున్నాడు. దెబ్బకు 10 మిల్లీమీటర్లంటే నేల బలం, అంటే సీబీఆర్, 22 దాకా వస్తుంది. కాంట్రాక్టరు మొహం వెలిగిపోయింది.

"బండ సార్ ఇది. కంకర పరిచేద్దాం. నర్రవాడ వెంగమాంబ తిరునాళ్లకు బండ్లు తిరగాల."

నేనూ సంతకం పెట్టేసేవాణ్నే. చెరువు కట్ట కింద మేకలు తోలుకొస్తున్న తాత ఆగాడు.

"ఏంది సామీ, నేలను పొడస్తా ఉండారు?"

"గట్టిదో కాదో చూస్తున్నాం తాతా."

"ఇప్పుడు గట్టిగానే ఉంటది. కార్తీకంలో రాండి. ఈడ ఊట దిగతది. నా మేకలే దిగబడతాయి."

నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ సుత్తి చెప్పేది ఆ రోజు నేలలో ఉన్న తడిని బట్టే. చదువుకున్న ఆ ముక్క, ఆ ఎండలో, ఆ తొందరలో నాకు గుర్తు రాలేదు.

తాత చూపిన చోట మట్టి తవ్వించి గోతాంలో తెచ్చాం. అచ్చులో దట్టించి, పైన బరువులు పెట్టి, నాలుగు రోజులు నీళ్లలో ఉంచాం. 1920ల చివర కాలిఫోర్నియాలో ఓ.జె.పోర్టర్ రూపొందించిన పద్ధతే ఇది. నలగ్గొట్టిన రాతిలోకి 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న ప్లంజరు 2.5 మిల్లీమీటర్లు దిగడానికి 1370 కిలోలు కావాలని ప్రమాణం. మా మట్టికి 41 కిలోలు చాలాయి. ఎరువు బస్తా బరువు కూడా కాదు. 1370లో నూటికి మూడు వంతులే, అంటే సీబీఆర్ 3.

"నీళ్లలో ముంచితే ఏ మట్టి నిలబడతది సార్?" అన్నాడు కాంట్రాక్టరు.

"కట్ట కింద రోడ్డు ఉండేది నీళ్లలోనే కదయ్యా."

ఆ ముక్కలో నల్లమట్టి అరమీటరు లోతున తీసేసి గ్రావెల్ పోశాం. పొరపొరకూ రోలర్ తిప్పి, గట్టు లేపి, ఊట పోవడానికి తూము కట్టాం. తిరునాళ్లకు రోడ్డు పూర్తి కాలేదు. నాలుగు మాటలు పడ్డాను.

మీ ఊరికి రోడ్డు పడుతుంటే వెళ్లి అడగండి: మట్టి నానబెట్టి చూశారా? ఎంత వచ్చింది? ఊట ఎక్కడ దిగుతుందో మీరే దగ్గరుండి చూపించండి. ఎండాకాలంలో వచ్చిన ఇంజనీరుకు అది కనబడదు.