సొరుగులో గాడి, శేషాచలంలో చెట్టు

సొరుగు బయటకు లాగి, దాని అడుగుచెక్క ఎలా నిలబడిందో ఎప్పుడైనా చూశారా? కిందనుంచి మేకులు కొట్టేసి ఉంటే అది హడావుడి పని. ఓపిగ్గా చేసిందైతే పక్కచెక్కల లోపలివైపు సన్నని గాడి కనిపిస్తుంది. అడుగుచెక్క అందులో దూరి ఉంటుంది. జిగురు కూడా పెట్టరు.

ఎందుకంటారా? చెట్టు కొట్టేసినా కొయ్య ఊరుకోదు. వానాకాలం తేమకి ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది, అదీ నారకి అడ్డంగానే ఎక్కువ. నాలుగువైపులా బిగించేస్తే మన చిత్తూరు ఎండలకి ఏదో ఒకరోజు పగులుతుంది. గాడిలో వదులుగా ఉంటే దాని దారిన అది కదులుతుంది. మనం లూజ్ కప్లింగ్ అని గొప్పగా చెప్పుకునేది వడ్రంగులకి ఎప్పుడో తెలుసన్నమాట.

దీనికి మిషన్లేవీ అక్కర్లేదు. అరంగుళం మందం చెక్కకి పావంగుళం వెడల్పు, పావంగుళం లోతు గాడి చాలు. అంచుకి సమదూరంలో రెండు గీతలు గట్టిగా గీసి, వాటివెంట రంపంతో కోసి, మధ్యలోది సన్నని ఉలితో కొంచెం కొంచెంగా తీసేయాలి. ఒక్కసారే లోతుకి పోతే నార లేచి అంచు ఊడుతుంది. వెనకచెక్కని గాడి పైవరకే ఆపితే, అడుగుచెక్క వెనకనుంచి జారుతూ లోపలికి వెళ్తుంది. అంతే!

ఇంగ్లండులో జోసెఫ్ మాక్సన్ 1670ల చివర్లో అచ్చువేయడం మొదలుపెట్టిన పనిముట్ల పుస్తకంలో గాడి తీయడానికే ఒక తోపడా ఉంది. చైనావాళ్ళయితే బీరువాలు, బల్లలు కూడా మేకుల్లేకుండా, చట్రంలో గాడి తీసి పలకలు దూర్చి చేసేవాళ్ళు. 1567లో మింగ్ పాలకులు సముద్ర వ్యాపారంపై నిషేధం సడలించాక బయటి దేశాల గట్టి కలప అక్కడికి బాగా చేరింది. అందులో అన్నిటికన్నా విలువైనదాని పేరు జితాన్. 2000లో చైనా తెచ్చిన కలప ప్రమాణం ప్రకారం జితాన్ అంటే ఏంటో తెలుసా? మన ఎర్రచందనమే!

సహజంగా తూర్పు కనుమల్లోనే, ముఖ్యంగా మన శేషాచలం చుట్టుపక్కల, పెరిగే చెట్టిది. ఒకప్పుడు యూరప్ దీన్ని ఎర్రరంగు కోసం కొనుక్కుంది. మనవాళ్ళు కొలువులో పెట్టే మరపాచి బొమ్మలు చేసుకున్నారు. 1995లో సైటిస్ ఒప్పందం రెండో జాబితాకెక్కింది. అయినా దొంగరవాణా ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. పోలీసులు ఆత్మరక్షణ అన్నారు, హక్కుల సంఘాలు బూటకపు ఎన్‌కౌంటర్ అన్నాయి. దుంగ చివరికి ఎవరి ఇంట్లో బల్లగా మారుతుందో ఆ కూలీలకి తెలిసే అవకాశం కూడా లేదు.

నన్ను బాధించేది ఇదే. చెట్టు మనది, చావులు మన అడవిలో, పనితనం పేరు మాత్రం ఇంకెక్కడో. పట్టుబడ్డ దుంగల్ని 2014లో మన ప్రభుత్వం వేలం వేసింది, అదీ దుంగలుగానే. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో దేవుడి బొమ్మలు చెక్కే చేతులున్నాయి కదా! ఆ దుంగల్లో కొన్ని సక్రమంగా, లెక్కప్రకారం వాళ్ళ ఉలి కిందకి వస్తే ఎంత బావుంటుంది? రా మెటీరియల్ అమ్ముకుని ప్రాడక్ట్ కొనుక్కోవడంలో ఉన్న నష్టం సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వేరే చెప్పాలా? ఏమంటారు?