బాలనాటక సభలు – బీదపిల్లల బ్రతుకు



నాటకము వినోదమాత్రమని తలంచువారు మనలో పెక్కురు గలరు. నాటకమువలన కడుపు నింపుకొనిన పసివారి చరిత్రము వారి చెవి సోకినట్లు లేదు. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున తమిళదేశమందు ‘బాయ్స్ కంపెనీ’లను పేర వర్ధిల్లిన బాలనాటక సభల వృత్తాంతము ఇట్టివారు తెలిసికొనదగినది.

ఈ సభలకు పెద్దదిక్కు శంకరదాస స్వాములు (1867–1922). వయసు వచ్చిన నటులు పాఠము వల్లింపక, రంగమున నోటికి వచ్చినది పలుకుచు, చెప్పిన మాట వినకుండుటచే విసిగి, ఆయన బాలురను చేరదీసెను. 1918లో మధురయందు తత్త్వ మీనలోచనీ విద్వద్బాల సభ వెలసినది. టి. కె. షణ్ముగము ఆరేండ్ల ప్రాయమున సోదరులతో నందు జేరెను. 1925లో ఆ యన్నదమ్ములే స్వంత సభ నెలకొల్పిరి. అప్పటికి షణ్ముగమునకు పదుమూడేండ్లు!

ఈ సభలలో జేరిన పిల్లలలో అధికులు నిరుపేదలు. తలిదండ్రులు కొన్ని యేండ్లకు ఒడంబడిక వ్రాసి బిడ్డను సభవారి కప్పగించెడివారు. అందఱికి నొకే యింట బస, ఒకే పంక్తిని భోజనము. సంగీతము, పద్యపఠనము, సంభాషణము, అభినయము వాధ్యారు నేర్పును. అక్షరములు రానివాడు సైతము వందలకొలది పద్యములు కంఠస్థము చేసి, ఉచ్చారణ దిద్దుకొని, రాజసభలో రాజువలె నిలువ నేర్చెడివాడు. బెత్తపు దెబ్బలకును కొదువ లేదు. అనుమతి లేక వెలుపలికి బోవరాదు. దీనిని గురుకులమని పొగడువారు ఆ దెబ్బలను మఱచుట నాకు సమ్మతము గాదు.

ఇక అసలు చిక్కు వేఱు. బాలుని గిరాకి యంతయు వాని సన్నని కంఠముమీద నుండెను. స్త్రీపాత్రములు ధరించువాడును వాడే. పదునాలుగు, పదునైదేండ్లకు గొంతు మాఱును. దీనినే తమిళులు ‘మకరక్కట్టు’ అందురు. నిన్నటివఱకు సీతగా, సావిత్రిగా చప్పట్లు గొన్నవాడు నేడు నలుగురిలో వంతపాటకు నిలువవలసినదే. లేదా మూట గట్టుకొని యింటికి బోవలసినదే. బడిచదువా, లేదు. ఇతర వృత్తియా, రాదు. ఏ వయసున బిడ్డకు ఆసరా మిక్కిలి కావలయునో ఆ వయసుననే ఆసరా తొలగెను.

నిలద్రొక్కుకొన్నవారి పేళ్లు లోకవిదితములు. నాగర్‌కోయిల్ ప్రాంతపు బీదయింట బుట్టిన ఎన్. ఎస్. కృష్ణన్ ఈ సోదరుల సభనుండియే హాస్యనటుడై పైకి వచ్చెను. పసితనముననే తండ్రిని గోలుపోయిన ఎం. జి. రామచంద్రన్ అన్న చక్రపాణితో గూడ మధుర ఒరిజినల్ బాయ్స్ కంపెనీలో కుదిరెను. బడిచదువు మొదటి తరగతులతోనే ముగిసెను. ముఖ్యమంత్రియైన పిదప 1982లో ఆయన పిల్లలకు పోషకాహార పథకము నెలకొల్పుచు, తన చిన్ననాటి యాకలిని స్వయముగా ప్రస్తావించెను. కాని ఒక రామచంద్రన్‌ను జూపి, గొంతు మాఱి యింటికి మరలిన వందలమందిని లెక్కలోనికి దీసికొనకుండుట న్యాయమా?

మన సంఘముల వసతిగృహములలో నాటకాభ్యాసమునకు ద్రవ్య మొసగ దలచు దాతలు ఈ సంగతి నొకింత విచారింపుడు. తెరలకును, కిరీటములకును వ్రాయు పద్దులోనే ఆ బాలుని బడిజీతమును జేర్పవలయును. గొంతు మాఱిన యేట వానిని రచనకో, రంగాలంకరణకో, హార్మోనియమునకో మరల్ప వలయును.

ఇది జరుగరాని పని గాదు. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధతో పుట్టిన మన సురభి నాటకములలో కుటుంబమే సమాజము. అందు గొంతు మాఱినంత మాత్రమున ఎవ్వరును ఇల్లు వెడలరు. నటుడే తెర గట్టును, దీపము చూచును, వాద్యము వాయించును. స్త్రీపాత్రములను స్త్రీలే ధరించుటచే బాలుని సన్నని కంఠముమీద ఆట యాధారపడి యుండలేదు. అయినను ఊరూర డేరాలు వేయు ఆ జీవనమున పిల్లల బడి మాత్రము తఱచు తెగిపోవుచునే యుండెను.