మడమ మీది రక్తపు చుక్క

చంటిబిడ్డ మెడ నిలపకపోయినా, కాళ్ళాడించటం మానివేసినా మన పల్లెలలో పెద్దలు బాలారిష్టమనేవారు, తాయెత్తు కట్టేవారు. బిడ్డ దక్కకపోతే నింద తల్లి జాతకం మీద పడేది. అలా పోయిన బిడ్డలలో కొందరి జబ్బుకైనా ఈనాడు మనం పేరు చెప్పగలము. అది స్పైనల్ మస్క్యులర్ ఏట్రఫీ.

1891లో దీనిని మొదట వర్ణించినవాడు గైడో వెర్ద్‌నిగ్ అనే ఆస్ట్రియా వైద్యుడు. (ఆస్ట్రేలియా కాదు, ఆ రెంటినీ ఒకటి చేసే బంధువులు మనకింకా వున్నారు!) వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలు ఒక్కటొక్కటిగా నశిస్తాయి. తెలివికి లోటుండదు. బిడ్డ తల్లిని గుర్తుపట్టి కళ్ళతో నవ్వుతుంది, కాని తీవ్రమైన రకంలో పాలు మింగలేదు, వూపిరి తీయలేదు. వైద్యం అందకపోతే ఆ రకం బిడ్డలలో చాలామంది రెండేళ్ళు దాటరు.

పేరు తెలిసిన తరువాత నూరేళ్ళకు, 1995లో, ఫ్రాన్సులో జుడిత్ మెల్కీ బృందం దీనికి మూలమైన జన్యువును పట్టుకొన్నది. తొలి మందు నుసినెర్సెన్‌కు 2016 డిసెంబరులో అమెరికా అనుమతి లభించినది. ఈ మందుల ప్రయోగాలలో మెల్బోర్న్ రాయల్ చిల్డ్రన్స్ ఆసుపత్రి కూడా పాలుపంచుకొన్నది. అక్కడ నాడీవైద్య విభాగం నడిపిన మోనిక్ ర్యాన్ 2022లో పార్లమెంటు సభ్యురాలైనారు.

అయితే నశించిన కణాన్ని ఏ మందూ తిరిగి తేలేదు. కాళ్ళు మెత్తబడినవని తల్లి గమనించేనాటికే చాలా నష్టం జరిగిపోయి వుంటుంది. కనుక 2018 ఆగస్టులో న్యూ సౌత్ వేల్స్, కాన్బెర్రా ప్రాంతాలలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష మొదలుపెట్టినారు. కొత్త సూదిపోటు అక్కరలేదు. ఎప్పటినుండో పురిటిబిడ్డ మడమ నుండి తీసి కాగితం మీద అద్దే రక్తపు చుక్కే దీనికీ చాలినది. మొదటి సంవత్సరంలోనే లక్ష మందికి పైగా శిశువులను పరీక్షించినారు. సిడ్నీ పిల్లల ఆసుపత్రిలో మిషెల్ ఫరార్, డిడు కరియవసం ప్రభృతులు 2023లో ఫలితాలు ప్రకటించినారు. పరీక్షలో బయటపడినవారిలో, రెండేళ్ళ తరువాత జీవించివున్న 14 మందికి 11 మంది తమంతట తామో, ఆసరాతోనో నడుస్తున్నారు. లక్షణాలు కనబడిన పిదప జబ్బు తేలినవారిలో 16 మందికి ఒక్కరే. మా దృష్టిలో ఈ చరిత్ర అంతటికీ కీలకం ఈ రెండు అంకెలే. మిగిలిన రాష్ట్రాలూ తరువాత అదే దారి పట్టినవి.

2017లో మెకెంజీ కసెల్లా అనే పాప ఏడు నెలలకే ఈ జబ్బుతో కన్నుమూసినది. తలిదండ్రులు రేచల్, జొనాథన్ ఊరుకోలేదు, పార్లమెంటు సభ్యులకు వుత్తరాలు వ్రాసినారు. 2018 బడ్జెటులో ప్రభుత్వం ఆ పాప పేరిట దంపతుల పరీక్షల పరిశోధనకు 2 కోట్ల డాలర్లు కేటాయించినది.

దంపతుల పరీక్ష ఎందుకంటే, సాధారణంగా ఈ లోపం తల్లి నుండీ తండ్రి నుండీ కూడా వస్తేనే బిడ్డకు జబ్బు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. వాహకులకు ఏ బాధా వుండదు, సుమారు 50 మందిలో ఒకరు అట్టివారే. మనం సంబంధాలకు గోత్రం తప్పక చూస్తాము. కాని గోత్రం తండ్రి వైపు వరుసనే చెబుతుంది. మేనమామ కూతురి గోత్రం వేరు, తాత మాత్రం ఒక్కడే! మేనరికం లేని ఇళ్ళలోనూ ఈ జబ్బు వస్తుంది, మేనరికంలో అవకాశం పెరుగుతుంది.

2023 నవంబరు 1 నుండి ఈ జబ్బుకూ, సిస్టిక్ ఫైబ్రోసిస్, ఫ్రాజైల్ ఎక్స్ అనే మరి రెంటికీ వాహక పరీక్ష మెడికేర్ పరిధిలోకి వచ్చినది. బిడ్డను కోరుకొనేవారూ, తొలి నెలల గర్భిణులూ కుటుంబ వైద్యుని అడిగి చీటీ వ్రాయించుకొనవచ్చును.