పట్టు కరిగితే

ధర్మవరంలోనైనా పోచంపల్లిలోనైనా రంగు అద్దే ముందు పట్టునూలును సబ్బు, సోడా వేసిన నీళ్ళలో ఉడకబెడతారు. జిగురు పోతేగానీ దారానికి మెరుపు రాదు. ముడి పట్టుదారం బరువులో నూటికి దాదాపు పాతిక పాళ్ళు ఆ జిగురే. దాని పేరు సెరిసిన్, లోపలి దారం పేరు ఫైబ్రోయిన్. రెండూ ప్రోటీన్లే. అయినా పట్టంటే మనకు చీరే గుర్తొస్తుంది!

పట్టును ప్రోటీన్‌గా చూడక తప్పని అవసరం ఆసుపత్రుల్లో వచ్చింది. సర్జన్లు ఏనాటినుంచో పట్టుదారంతో కుట్లు వేసేవారు. కొందరికి కుట్టు చుట్టూ వాచేది. నింద పట్టు మీద పడింది. తరచి చూస్తే జిగురు సరిగా వదలని దారంతోనే పేచీ అంతా అని, శుభ్రంగా కడిగిన ఫైబ్రోయిన్‌ను ఒళ్ళు బాగానే ఓర్చుకుంటుందని తేలింది.

ఆ ఫైబ్రోయిన్‌ను పట్టుకుని చాలా దూరం వెళ్ళినవారు అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కాప్లాన్ బృందం. వాళ్ళ మొదటి మెట్టు మన అద్దకంవాళ్ళదే: పట్టుగూళ్ళను కత్తిరించి అరగంట సోడా నీళ్ళలో మరిగించడం. ఆపైన లిథియం బ్రోమైడ్ అనే ఉప్పును చిక్కగా కలిపిన నీళ్ళలో, 60 డిగ్రీల వేడిలో నాలుగు గంటలు ఉంచితే దారం కరిగిపోతుంది. ఆ ద్రవాన్ని సన్నని పొర సంచిలో పోసి, రెండు రోజులు నీళ్ళు మారుస్తూ ఉప్పును బయటికి లాగేస్తారు. మిగిలేది నీళ్ళలో కరిగిన పట్టు. దాన్ని గాజులాంటి రేకుగా ఆరబెట్టవచ్చు, స్పాంజిగా మార్చవచ్చు, విరిగిన ఎముకను పట్టి ఉంచే మరలుగా మలచవచ్చు. 2011లో ఈ పాకశాస్త్రాన్ని కొలతలతో సహా ‘నేచర్ ప్రొటోకాల్స్’ పత్రికలో అచ్చువేశారు.

కంటి పాప మీది పారదర్శకపు పొరకు బదులు పట్టు రేకు వాడదామని కాప్లాన్‌కు ఆలోచన. అందులో సన్నని రంధ్రాలు కావాలి. లేజర్ల మనిషి ఫియోరెంజో ఒమెనెట్టోను అడిగారు. రంధ్రాలు వేయబోయిన ఆయన ఆ రేకులోంచి వెలుగు ఎంత చక్కగా వెళుతోందో చూసి, తానే పట్టు పరిశోధనలోకి దిగిపోయాడు.

ఇంకో మలుపు వంటల పోటీది. ఆ టఫ్ట్స్ ప్రయోగశాలలో సరదాగా పెట్టుకున్న పోటీకి నిబంధన ఒక్కటే, వంటకంలో పట్టు ఉండాలి. అక్కడి పరిశోధకుడు బెనెడెట్టో మారెల్లి స్ట్రాబెర్రీలను పట్టు నీళ్ళలో ముంచాడు. కొన్ని బల్లమీదే మరచిపోయాడు. వారం తర్వాత చూస్తే పూత లేనివి కుళ్ళాయి, పూత ఉన్నవి బాగున్నాయి. 2016లో అది పరిశోధనా పత్రమైంది. రుచీ వాసనా లేని ఆ పలుచని పొర పండులోని తడిని ఆపుతుంది, గాలి రాకపోకల్ని తగ్గిస్తుంది.

హైదరాబాదులోని డి.ఎన్.ఏ. పరిశోధన కేంద్రం సి.డి.ఎఫ్.డి.లో శాస్త్రవేత్త జె. నాగరాజు పట్టు దగ్గరికి వేరే వైపునుంచి వచ్చారు. ఆయన చూపు పురుగు మీద. గ్రాసరీ అనే వైరస్ రోగం సోకితే పురుగు ఉబ్బి, పాలలాంటి ద్రవం కార్చి చస్తుంది. రైతు పంట మొత్తం పోవచ్చు. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలతో, హిందూపురం దగ్గర కిరికెర పట్టు పరిశోధన సంస్థతో కలిసి, ఆ వైరస్‌కు ఆయువుపట్టులాంటి నాలుగు జన్యువులను పనిచేయనీయకుండా అడ్డుకునే ఏర్పాటును పురుగులోనే అమర్చారు. 2012లో ఆయన కన్నుమూశారు. పత్రం 2013లో వచ్చింది. పట్టులో కొద్దిగా ఉండే సీరోయిన్ అనే ప్రోటీన్లు బాక్టీరియానూ వైరస్‌నూ ఎదిరిస్తాయని ఆయన బృందమే 2014లో చూపింది. గూడంటే పురుగుకు ఇల్లే కాదు, మందు కూడానన్నమాట.

ఇక మన సంగతి. వేసవిలో మామిడి లోడ్లు ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాదు దారి పడతాయి. నూజివీడు రసాలు మాగాక ఎన్నాళ్ళు ఆగుతాయో తిన్నవాళ్ళందరికీ తెలుసు. స్ట్రాబెర్రీలకు వేసిన పట్టు పూత వీటికీ వేసి చూడవచ్చు. పట్టును కరిగించే పనికి తెగని దారం అక్కర్లేదు, రీలింగుకు పనికిరాని చిల్లు గూళ్ళు చాలు. లిథియం బ్రోమైడ్ ఖరీదే అసలు చిక్కు. దానికి చవకైన దారి వెతకాలి. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వారు, గూళ్ళు హిందూపురం నుంచి తెప్పించి, ఒక్క వేసవి మన చిన్నరసాల మీద ఈ పూత వేసి చూడాలి.